దేవుడి గూట్లో తీతువు

అందరూ బాగున్నారా? మిరపకోతలకు వెళ్తున్న అమ్మలూ, చేతుల మంట తగ్గిందా? పత్తి తీసేవాళ్లకు నూగు పడి వచ్చే దగ్గు ఎలా ఉంది? నా ఈడువాళ్లు బీపీ బిళ్లలు మరిచిపోకుండా వేసుకుంటున్నారా? పిల్లలు ఎండలో తిరగడం లేదు కదా? మీరంతా బాగున్నారని అనుకుంటే గానీ నాకు తర్వాతి మాట రాదు. ఎందుకంటే చెప్పాల్సింది మంచి మాట కాదు.

పొదిలిలో ఫొటో స్టూడియో నడిపిన మా మరిది పోయాడు. మావారికి ఒక్కడే తమ్ముడు. పొద్దున్నే వసారాలో కుర్చీలో కూర్చుని కాఫీ అడిగాడట. మా తోటికోడలు గ్లాసు పట్టుకుని వచ్చేసరికి తల పక్కకు వాలిపోయి ఉందట. ఇంట్లో ఫోను ఎప్పుడు మోగినా ఎవరికి ఏమైందోనని వణుకుతూనే తీస్తాను. తీశాక ఏమీ కాలేదని తెలిసి అందరూ నన్ను చూసి నవ్వుతారు. ఆ రోజు నవ్వేవాళ్లు లేకపోయారు.

పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు అతని బతుకుతెరువు. పొద్దుటిపూట మాత్రం వేరు. స్నానం చేసి, పరగడుపున, కెమెరా భుజాన వేసుకుని ఊరి బయట చేలల్లోకి వెళ్లేవాడు. గట్టు దగ్గర చెప్పులు విడిచేవాడు. అదొక్కటే నాకు గుండెదడ.

"ముళ్లుంటాయి, పురుగూ పుట్రా ఉంటాయి. ఆ చెప్పులేసుకోవయ్యా!"

"గుళ్లోకి చెప్పులతో పోతామా వదినా?"

"గుళ్లో పాములుండవుగా!"

"శివుడి మెళ్లో ఉన్నదేంటి మరి?"

అతనితో మాటల్లో నేను ఎప్పుడూ గెలవలేదు.

అతనికొక నియమం ఉండేది. ఏ జీవి కథ ఏ పండగకు వస్తుందో ఆ రోజే దాని ఫొటో తీయాలి. శ్రీరామనవమికి ఉడుత. వారధి కట్టిన రోజుల్లో రాముడు నిమిరిన చారలు దాని వీపు మీద ఉన్నాయని మా అత్తగారు అతని చిన్నప్పుడు చెప్పిందట. నాగులచవితికి పుట్ట. మహాలయ అమావాస్యకు కాకి. దసరాకు పాలపిట్ట. ఆ రోజు కనిపించకపోతే మళ్లీ ఏడాది దాకా ఆగడమే. కుదిరిన ఫొటోను పటం కట్టించి, ఇంట్లో దేవుడి గూట్లో పెట్టి, బొట్టు కూడా పెట్టేవాడు. తోటికోడలికి అది కిట్టేది కాదు.

"ఇవన్నీ ఇక్కడ పెడితే మా వెంకటేశ్వరస్వామి ఎక్కడ నిలబడాలండీ?"

"ఆయనకు ఏడు కొండలున్నాయే. ఈ కాకికి నీ గూడే దిక్కు."

ఒక దసరాకు నేను అక్కడే ఉన్నాను. పాలపిట్టను చూడాలని తెల్లవారుతూనే అతని వెంట వెళ్లాను. కొందరు ఆ పిట్టను పంజరంలో పెట్టి ఇంటింటికీ తెచ్చి చూపిస్తారు. అది అతనికి నచ్చదు. "పట్టి తెస్తే దర్శనం కాదు వదినా. పిలవకు, వెతకకు, కూర్చో. మనమిక్కడ ఉన్నామని అది మరిచిపోవాలి" అన్నాడు. కంది చేను పక్కన కూర్చున్నాం. మంచుకు జలుబు చేస్తుందేమోనని నా బాధ నాది. ఎంతసేపటికో కరెంటు తీగ మీద వచ్చి వాలింది. రెక్క విప్పితే నీలం. అతను ముందు తల వంచాడు, తర్వాత కెమెరా ఎత్తాడు. నేను ఆగలేకపోయాను. రెండు చేతులూ జోడించి లేచి నిలబడి "కృష్ణా!" అని గట్టిగా అన్నాను. అది తుర్రున ఎగిరిపోయింది.

"దణ్ణం పెట్టి మరీ తోలేశావు కదా వదినా!" అని కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ ఏడాది అతనికి దక్కింది ఖాళీ తీగ ఫొటో ఒక్కటే. దానికీ పటం కట్టించాడు. "అది వచ్చి వెళ్లిన చోటు ఇది. దీనికీ బొట్టు పెట్టొచ్చు" అన్నాడు.

ఇలా అన్నీ సాగాయి గానీ, తీతువు దగ్గర మా ఇద్దరికీ పేచీ వచ్చింది. తీతువు కూత మీరు వినే ఉంటారు. అది ఇంటి మీదుగా అరుచుకుంటూ పోతే ఆ ఇంట్లో ఒకరు పోతారని మా పెద్దలు అనేవారు. పొద్దు వాలితే నేను దాని పేరు కూడా పలకను. ఆ పిట్ట ఫొటో తీస్తానని కిందటి ఎండాకాలం మొదలుపెట్టాడు. పత్తికంప పీకేసిన చేలో, మట్టిపెళ్లల మధ్య అది గుడ్లు పెట్టిందట.

"వద్దయ్యా. దానికి పండగ లేదు, కథ లేదు, చావు తప్ప."

"కథ లేకేం? ఆకాశం ఊడి పడుతుందని దానికి దిగులట. పడితే ఆపుదామని కాళ్లు పైకెత్తి పడుకుంటుందట. అచ్చం నువ్వే వదినా!"

"నన్ను దాంతో పోలుస్తావా! నోటికి అడ్డూ ఆపూ లేదు నీకు. సరే, పండగ లేని పిట్టను ఏ రోజు తీస్తావు?"

"నన్ను చూసి అది అరవని రోజున."

మనిషి గట్టెక్కితే చాలు, నెత్తి మీద తిరుగుతూ అరిచే పిట్ట అది. అతను రోజూ వెళ్లి దూరంగా కూర్చునేవాడు. అది అరిచి అరిచి ఊరుకునేదాకా కదిలేవాడు కాదు. మర్నాడు ఇంకొంచెం దగ్గరగా కూర్చునేవాడు. కెమెరా సంచిలోనే ఉండేది. అది జపం లాంటిదేనని నాకు ఇప్పుడు అనిపిస్తోంది. అప్పుడు మాత్రం ఫోనులో రోజూ తిట్టాను. ఒకరోజు మెల్లగా అన్నాడు.

"మనిషి పోయిన ఇంటికి ఆఖరి ఫొటో తీయమని నన్నూ పిలుస్తారు వదినా. కెమెరాతో నేను వీధిలో దిగగానే లోపల ఏడుపులు పెరుగుతాయి. నేనేమన్నా చంపానా? తీతువూ అంతే."

మావారి ఆఖరి ఫొటో తీసింది అతనే. అన్నను కుర్చీలో కూర్చోబెట్టి, కండువా సర్ది, చెయ్యి వణక్కుండా తీశాడు. "తీసేవాడు ఏడిస్తే బొమ్మ చెదిరిపోతుంది. తీశాక ఏడుస్తా" అన్నాడు. తీశాక గోడకు తిరిగి చాలాసేపు ఏడ్చాడు.

చివరకు ఒక పొద్దున ఆ పిట్ట అరవలేదట. ఆ రోజు తీసిన ఫొటోను అతని పెద్దకర్మకు వెళ్లినప్పుడు గూట్లో చూశాను. గుడ్ల మీదకు దిగబోతూ ఒక కాలు ఎత్తి ఉంది. ముక్కు మూసుకుని ఉంది. కంటి ముందు ఎర్రటి తోలు, ఆ కన్ను తిన్నగా మనల్నే చూస్తోంది. ఆ చూపులో చావు ఉందని నాకు అనిపించలేదు. అయినా గూటి ముందు ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

మొన్న తోటికోడలు ఫోను చేసింది.

"అక్కా, ఆయన పోయే ముందు సాయంత్రం అది మన ఇంటి మీదుగా కూసుకుంటూ పోయింది. నేను విన్నాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలా. ఆ ఫొటో గూట్లో ఉంటే దీపం పెట్టలేకపోతున్నా. కాల్చేస్తా."

అతను అన్నన్ని పొద్దులు కూర్చుని సంపాదించుకున్న బొమ్మ. ఇంకొకటి తీయడానికి అతను లేడు.

"కాల్చకమ్మా."

"నువ్వా అనేది? తీసెయ్యమంటావనే నీకు చేశాను! నీకంటే భయస్తులెవరున్నారు?"

"అందుకే చెప్తున్నా. నీకు భయమైతే నాకివ్వు. భయపడ్డం నాకు అలవాటేగా."

అవతల ముక్కు చీదిన చప్పుడు, దానితో పాటు చిన్న నవ్వు.

"పొద్దు వాలితే దాని పేరే పలకవు. ఇంట్లో ఎట్టా పెట్టుకుంటావక్కా?"

"పేరు పలకనులే. చూస్తూ ఉంటా."

"అయితే వచ్చి తీసుకెళ్లు. అందాకా బీరువాలో పెడతా. ఎప్పుడొస్తావు?"

మంగళవారం ప్రయాణం వద్దన్నాను. శుక్రవారం గూట్లో నుంచి పటం తీయడం తనకు ఇష్టం లేదంది. బుధవారం నాకు షుగరు పరీక్ష ఉంది. అద్దంకిలో బస్సు మారాలి, అక్కడ మెట్లు ఎత్తుగా ఉంటాయేమో, దారిలో అద్దం పగులుతుందేమో, అన్నీ అనుకున్నాను. అనుకుంటూనే నా పాత నూలు చీర ఒకటి, బాగా నలిగి మెత్తబడింది, పటానికి చుట్టడానికని మడిచి సంచిలో పెట్టాను. వచ్చే గురువారం, పొద్దున మొదటి బస్సుకు వెళ్తున్నాను.