ఒక గంట అన్నాను

పొద్దున ఐదు నలభైకి మా లారీ గౌనిపల్లి దాటి ఆగిపోయింది. ముందు రోడ్డు లేదు. వాగు మీది కల్వర్టును వరద ఎత్తుకెళ్ళింది. వెడల్పు నలభై అడుగులు. వాన సన్నగా, తెరిపి లేకుండా పడుతోంది. ఇంజనీర్ దళం వాళ్ళం పదకొండు మందిమి. లారీలో రెండు ఇనుప దూలాలు, వాటి మీద అడ్డంగా అతికే రేకులు, జనరేటర్, నూట ఎనభై కిలోల పాత వెల్డింగ్ మిషన్. వెల్డర్‌ని నేను.

సైన్యమంటే మా కేజీఎఫ్‌లో అందరూ సరిహద్దు గురించే అడుగుతారు. అక్కడా ఉన్నాను. కానీ నేను ఎక్కువ భయపడింది మా సొంత జిల్లాలో చేసిన ఈ ఆరు రోజుల డ్యూటీలోనే.

అవతలి ఊళ్ళో కిడ్నీలు చెడిన మనిషి ఒకడున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. వారానికి రెండుసార్లు కోలారులో డయాలసిస్. వరదతో ఒకసారి తప్పిపోయింది. మూడో రోజు సాయంత్రంలోగా కోలారు చేర్చకపోతే కష్టమని డాక్టరు ఫోన్లో చెప్పాడు. రెండో దారిలో చెరువు కట్ట తెగింది. స్ట్రెచర్‌ను తాడు మీద దాటిద్దామంటే వాగులో చెట్ల మొద్దులు కొట్టుకొస్తున్నాయి, సుబేదారు ఒప్పుకోలేదు. తాడు కట్టి ఒక వైర్‌లెస్ సెట్ మాత్రం అవతలికి పంపాం. దాన్ని బడి మేష్ట్రు పట్టుకున్నాడు.

మూడో రోజుకు దూలాలు రెండు గట్లకూ అందాయి. రేకులు అతకడం మొదలుపెట్టాను. తొమ్మిది పదికి మిషన్ బుస్సుమని ఆగిపోయింది. మూత తీశాను. తీగచుట్టలను చల్లబరిచే లోపలి నూనె మజ్జిగలా తెల్లగా ఉంది. మూత అంచు రబ్బరు చిరిగి వాన నీళ్ళు దిగాయి.

సుబేదారు మదనపల్లి మనిషి. పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"కోలారు నుంచి కొత్త మిషన్ తెప్పించేదా? జీపు పోయి వచ్చేకి నాలుగు గంటలు. జీపు ఇప్పుడు పోకుంటే చెరువు కట్ట డ్యూటీకి పోతుంది, సాయంత్రం దాకా రాదు. చెప్పు."

"వద్దు సార్. ఒక గంటలో నేనే బాగుచేస్తా."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలుసు. మా నాయన కేజీఎఫ్ బంగారు గనుల వర్క్‌షాపులో పనిచేశాడు. అక్కడ మిషన్‌ను పారేయడం చేతకానితనం కింద లెక్క. నూనెలో నీళ్ళు దిగితే కాచి ఆరబెట్టి మళ్ళీ పోసేవాళ్ళు. చిన్నప్పుడు చూశాను. చూసినంత మాత్రాన వచ్చేసినట్టే అనుకున్నాను. జీపు వెళ్ళిపోయింది.

గౌనిపల్లి నుంచి పెళ్ళిళ్ళకు వంట చేసే పెద్ద అండా తెప్పించాం. రేకుల పందిరి కింద కట్టెల పొయ్యి పెట్టాం. నలభై లీటర్ల నూనె. మంట పెరిగితే అంటుకుంటుంది, తగ్గితే నీళ్ళు పోవు. తీగచుట్టలు తీసి పక్కన నిప్పుల సెగకు పెట్టాను. ఇనుప కడ్డీ కాల్చి నూనెలో ముంచితే చిటపటమంది. ఇంకా నీళ్ళున్నాయన్నమాట.

పదిన్నరకు చిటపట. పదకొండుంబావుకు చిటపట. వైర్‌లెస్‌లో మేష్ట్రు: "మనిషికి ఆయాసం ఎక్కువైంది సార్. యాడికొచ్చింది పని? ఓవర్."

"జరుగుతోంది. ఓవర్."

పన్నెండు దాటాక ఒక ఆడగొంతు. ఆయన భార్య. "ఒగ గంట అంటివంటనే అప్పా. మూడు గంటలాయె. ఇంగ ఎంతసేపుండాది?"

సెట్ నా చేతిలో ఉంది. దాన్ని పక్కన పెట్టి పొయ్యిలో కట్టె సర్దాను. సిగ్గుతో చెవులు కాలాయి. జనరేటర్ చూసే మాలూరు అబ్బి మెల్లగా అడిగాడు, "ఇది కాకుంటే ఇంగోటి ఉండాదా అన్నా?" లేదు. ఆ రెండోదాన్ని వద్దన్నది నేనే.

పన్నెండు యాభైకి కడ్డీ ముంచాను. చప్పుడు లేదు. వాన చప్పుడులో వినబడలేదేమోనని అందర్నీ నోరు మూయమని మళ్ళీ ముంచాను. లేదు. నూనె సగం చల్లారగానే కొత్త పంచెలో వడగట్టి పోశాం. తొందరలో నా కుడిచేతి మూడు వేళ్ళు బొబ్బలెక్కాయి. ఒకటి నలభైకి నిప్పురవ్వ లేచింది. మిగిలిన రేకులు మోకాళ్ళ మీద కూర్చుని అతికాను. మూడు ఐదుకు దారి పడింది.

ఆయన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. కాళ్ళు ఉబ్బి నిగనిగలాడుతున్నాయి. నా దగ్గరకు రాగానే ఆయన చేయెత్తి కుర్చీ ఆపించాడు.

"చేతులు కాలిపోయినాయే అప్పా," అన్నాడు.

ఆయన్ను ఎక్కించుకుని అంబులెన్సు కోలారు వెళ్ళాక సుబేదారు బీడీ వెలిగించాడు. "మిషన్ బాగానే చేసినావు. జీపు ఎందుకు వద్దంటివి?" అన్నాడు. నేను ఎడంచేత్తో మిషన్ కేబుల్ చుట్టడం మొదలుపెట్టాను. మర్నాడు మేష్ట్రు ఫోన్ చేశాడు. మనిషి లేచి కూర్చున్నాడట. లారీ వెనక్కి పోయి ఏడ్చాను.

ఆరో రోజు లారీ ఎక్కి వెనక్కి వచ్చాం. సైన్యం వదిలాక ఇప్పుడు కేజీఎఫ్ ఆండర్సన్‌పేటలో నాకో చిన్న వెల్డింగ్ షాపుంది. పాత మిషన్ చెడితే ఇప్పటికీ నేనే విప్పుతాను. కానీ విప్పేముందు ఇంకో మిషన్‌కు ఫోన్ చేసి పెట్టుకుంటాను.

ఒకటి మాత్రం నన్ను వదల్లేదు. ఆ మధ్యాహ్నం నూనె కాగుతుండగా అవతలి గట్టు వైపు చూశాను. ఆయన గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. ఆ కిడ్నీ జబ్బుకు రోజుకు ఇన్నే నీళ్ళని లెక్క, అంతకు మించి తాగకూడదు. ఎదురుగా గట్టు నిండా వాగు పోతోంది. పైన వాన. భార్య గుడ్డ కొస తడిపి, పిండి, ఆయన పెదాలకు అద్దుతోంది. ఇంట్లో నిండు గ్లాసు నీళ్ళు ఎత్తినప్పుడల్లా నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది.