మా నాన్న సౌండ్ ఇంజనీర్ కాదు

ఆ గొడవ గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ముందు నా మీద, తరవాత ప్రొఫెసర్ గారి మీద.

మేం కలకత్తా భవానీపూర్‌లో కార్పొరేషన్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి మురుగునీటి పంపు హౌసులో అప్పటికి ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్నాడు. నాది అదే ఊళ్లో సాల్ట్‌లేక్‌లో అమెరికా డాక్టర్ల మాటలు హెడ్‌ఫోన్లో విని టైపు చేసే ఉద్యోగం. పని లేని ఓ మధ్యాహ్నం పక్క సీటు అమ్మాయి అదే హెడ్‌ఫోన్లో జాజ్ వినిపించింది. ఇక పిచ్చి పట్టుకుంది.

అప్పట్లో ఇంటర్నెట్‌లో కలకత్తా జాజ్ ప్రేమికుల ఫోరం ఒకటి ఉండేది. దానికి పెద్ద ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ గారు. ఎవరి ట్రంపెట్ గొప్పది, ఎవడు తాగి స్టేజీ మీద పడ్డాడు, సాయంత్రమైతే అక్కడ అవే కబుర్లు. నేను మారుపేరుతో రాసేదాన్ని కాబట్టి అందరూ నన్ను మగాణ్ణనుకుని దాదా, అంటే అన్నయ్యా, అనేవారు. దిద్దలేదు. దాదా అంటే నా మాటకి విలువొస్తోంది, పోనీలే అనుకున్నాను. జాజ్ కూలీల చెమటలోంచి పుట్టిందని ప్రొఫెసర్ గారు వారానికోసారైనా చెప్పేవారు, ఎర్రజెండా మీటింగులో మాట్లాడినంత ఆవేశంగా. ఆయనంటే నాకు ఎంత భక్తో!

గొడవ ఒక ఆల్బం దగ్గర మొదలైంది. దాన్ని నేను ఇంటర్నెట్‌లో నా కార్డుతో కొనుక్కుని, ఆ సంగతి గొప్పగా రాశాను. "డిజిటల్‌లో ప్రాణం ఉండదు. ముఖ్యంగా మొదటి మూడు పాటలూ ఈడ్చుకుంటూ నడుస్తాయి" అని ప్రొఫెసర్ గారు తేల్చేశారు. రుజువుగా తన పాత ఎల్పీ రికార్డుని కంప్యూటర్లోకి ఎక్కించి అందరికీ పంపారు. విన్నాను. నిజమే, ఆయన దాంట్లో హుషారు ఎక్కువ. డబ్బులిచ్చి శవాన్ని కొన్నావు దాదా అని ఒకడు వెక్కిరించాడు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు, వీధి నిశ్శబ్దంగా ఉంది. నాన్నకి డ్యూటీ లేదు. నేను మొహం ముడుచుకుని రెండు రకాలూ మార్చి మార్చి వింటుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏటే అమ్మీ, ఏటింటన్నావు?"

సంగతంతా చెప్పి హెడ్‌ఫోన్ ఆయన చెవులకి తగిలించాను.

నాన్న పంపుల్ని ఎలా వింటాడో చిన్నప్పుడు చూశాను. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన బేరింగు మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుంటాడు. ఏ బేరింగు అరిగిందో, అది మొరాయించడానికి వారం ముందే చెప్పేస్తాడు. ఆ రోజూ అలాగే కళ్లు మూసుకున్నాడు. ప్రొఫెసర్ గారి రికార్డులో మొదటి వైపు మూడు పాటలూ అయ్యాక, రెండో వైపుది పెట్టమన్నాడు. తరవాత నేను కొన్నవి పెట్టమన్నాడు.

"ఊదినోడు ఒకడేనా?"

"ఒకడే నాన్నా. ఒకే రోజు ఊదాడట."

"మరేటి? ఆ బాబుగారి దాంట్లో మొదటేపు కుక్క తరుముతున్నట్టు గుక్క తిప్పుకుంటన్నాడు. రెండోయేపు నిమ్మళంగా తీస్తన్నాడు. నువ్వు కొన్నదాంట్లో అన్నీ నిమ్మళంగానే ఉన్నాయి. మనిషి ఊపిరి అలాగ మారదే. ఆ రికార్డే పరిగెడతంది. తయారుసేసినప్పుడే మిషను స్పీడు తప్పుంటాది."

 వెంటనే ఫోరంలో రాశాను. నీకెవరు చెప్పారని అడిగారు. "మా నాన్న. ముప్పై ఏళ్లుగా శబ్దాలు వినడమే ఆయన పని" అని రాశాను. అబద్ధం కాదు. కానీ ఏ శబ్దాలో రాయలేదు. మురుగు అన్న మాట ఆ బాబుల మధ్య పెట్టడానికి సిగ్గుపడ్డాను.

రెండు రోజులకి ఫోరంలో కీబోర్డు వాయించే ఒకాయన పరీక్ష చేశాడు. రికార్డులో మొదటి వైపు స్వరాలు ఆయన కీబోర్డు మీద ఏ మెట్టుకీ అతకలేదు. నేను కొన్నవి అచ్చంగా అతికాయి. ప్రొఫెసర్ గారు ఓటమి ఒప్పుకున్నారు. ఫోరం పైన అందరికీ కనబడేలా గమనిక కూడా పెట్టారు: "ఈ దోషం కనిపెట్టినవారు మన సభ్యుడొకరి తండ్రి, సౌండ్ ఇంజనీర్."

చదివి పొంగిపోయాను. అవును, పొంగిపోయాను. ఒక పూటంతా ఇంజనీరు గారి కూతురిలా తిరిగాను. సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి వచ్చి, కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటూ "ఆ బాబులు ఏటన్నారే?" అన్నాడు.

నువ్వే గెలిచావన్నాను.

"నానేటి పని సేస్తానో సెప్పినావా?"

నేను తువ్వాలు అందించాను. ఆయన అందుకోలేదు. మళ్లీ మొదట్నుంచీ సబ్బు రాసుకున్నాడు.

అప్పుడే లోపలికెళ్లి రాశాను: "మా నాన్న సౌండ్ ఇంజనీర్ కాదు. కార్పొరేషన్ మురుగునీటి పంపు ఆపరేటర్. నేను దాదాని కాను, ఆయన కూతుర్ని. గమనిక దిద్దండి."

పావుగంటలో నేను రాసింది మాయమైంది. ప్రొఫెసర్ గారు నాకు విడిగా రాశారు. "గౌరవంగానే రాశాం కదమ్మా, ఆ వివరాలన్నీ ఎందుకు? చదివేవాళ్లు నమ్మొద్దూ?"

కూలీల చెమట అన్నది ఈయనే! సముద్రం అవతలి చెమట అయితే సంగీతం, భవానీపూర్ చెమట అయితే కంపు. ఆ మాట ఆయనకే రాసి పారేశాను. మళ్లీ పెట్టాను, మళ్లీ తీసేశారు. మళ్లీ పెట్టాను. వెళ్లగొడితే ఇంకో పేరుతో వచ్చి ఇదే రాస్తానన్నాను. కీబోర్డు ఆయన నాకు వత్తాసుగా వచ్చాడు. నాలుగో రోజున గమనిక మారింది.

నాన్నని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. ఆయన ఇంగ్లీషు కూడబలుక్కుంటూ చదువుతాడు. తెర మీద వేలు పెట్టి ఒక్కో మాటా చదివాడు. మొహంలో నేననుకున్న సంతోషం కనబడలేదు.

"పంపు ఆపరేటరా?" అన్నాడు. "హెడ్ పంపు ఆపరేటర్ని కదే నాను. ఆరేళ్లయింది హెడ్ అయ్యి. అది మింగీసినారేటి?"

ఆయన్ని లేపి, ఆ కుర్చీలో నేను కూర్చుని మళ్లీ రాయడం మొదలుపెట్టాను.