ఒక యాప్ కోసం చెరిపేసిన చొక్కాలు

ఇంతవరకు ఈ సంగతి గురించి నన్ను ఎవ్వరూ అడగలేదు. నేనే చెప్పబోతే వినలేదు. ప్రొడక్షన్ ఆఫీసుకి రెండు ఉత్తరాలు రాశాను, ఒకటి టైపు చేయించి, ఒకటి చేత్తో. వాళ్ల హెల్ప్‌డెస్క్ నంబరుకి మెసేజీలు పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి. అంటే చదివారు. చదవకపోతే సర్దుకుపోయేవాణ్ణేమో, చదివి ఊరుకోవడం మాత్రం నాకు మింగుడు పడదు. పద్నాలుగేళ్ల కింద ఒక లొకేషన్లో భోజనాల దగ్గర నా చేతిలోంచి ప్లేటు తీసుకుని, "ఇది డైరెక్షన్ డిపార్ట్‌మెంట్ వరస, మీది అటు" అన్నవాడి మొహం నాకిప్పటికీ గుర్తుంది. ఆ రోజు కూర గుత్తివంకాయ అని కూడా గుర్తుంది. అలాంటి నేను దీన్ని మర్చిపోతానని వాళ్లెలా అనుకున్నారో నాకు అర్థం కాదు.

నేను సినిమాల్లో కాస్ట్యూమర్ని. బట్టలు ఎలా ఉండాలో చెప్పేది వేరేవాళ్లు. వాటిని షాటు నుంచి షాటుకి ఒకేలా నిలబెట్టడం నా పని. హీరో తలుపు బయట నిలబడడం మండుటెండల్లో ఏదో ఊళ్లో తీస్తారు. అదే హీరో తలుపు లోపలికి అడుగుపెట్టడం ఆర్నెల్ల తర్వాత ఇక్కడ ఫిల్మ్‌నగర్లో సెట్ వేసి తీస్తారు. తెర మీద అది ఒక్క అడుగు. ఆ అడుగులో మడిచిన చెయ్యి విప్పుకోకూడదు, ఊడిన గుండీ తిరిగి రాకూడదు, ఆరిన మరక తడి కాకూడదు. దీన్ని కంటిన్యూటీ అంటాం. పూర్వం నోటుపుస్తకంలో బొమ్మ గీసి పక్కన రాసుకునేవాణ్ణి. ఫోన్లు వచ్చాక షాట్ అవగానే ముందు, వెనక, కుడి, ఎడమ ఫోటోలు తీసుకుంటాను. సినిమా విడుదలయ్యేదాకా ఒక్కటి కూడా చెరపను. ఇరవయ్యారేళ్లలో నా బట్టల్లో తప్పు దొరికిందని ఎవరూ అనలేదు. నా ఆస్తి అంటూ ఉంటే అదే.

"మీ ఫోన్ ఎవడైనా కొట్టేశాడనుకోండి, రాత్రికి రాత్రే తెచ్చి గుమ్మంలో పెట్టి పోతాడు. తెరిస్తే అన్నీ నెత్తుటి చొక్కాలేనాయె" అనేది మా ఆవిడ.

ఆ ఫోటోలు ఇంకెక్కడా దాచకూడదు. నేను చెప్పబోయే సినిమా మొదలైనప్పుడు కంపెనీవాళ్లు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఫోటోలు ఫోన్ దాటి పోకూడదు, బ్యాకప్ ఉండకూడదు, ఇంకొకరికి పంపకూడదు. హీరో గెటప్ బయటికి పొక్కుతుందని వాళ్ల భయం. వాళ్ల మనిషే నా ఎదురుగా నా ఫోన్లో బ్యాకప్ ఆపేశాడు. నాకు తప్పనిపించలేదు. తర్వాత ఆ సినిమా సగంలో ఆగిపోయింది. రెండేళ్లు ఎవరూ దాని ఊసెత్తలేదు. బట్టలు గోడౌన్లో ఇనప్పెట్టెలో, ఫోటోలు నా ఫోన్లో ఉండిపోయాయి.

ఈ ఏడాది అదే కంపెనీ మరో సినిమా మొదలుపెట్టి, యూనిట్లో అందరూ ఒక యాప్ వేసుకోవాలంది. హాజరు అందులోనే. ఏ రోజు ఎన్నింటికి రావాలో అందులోనే. గేటు దగ్గర చూపించే కోడ్ కూడా అందులోనే. సరే అన్నాను. లింకు నొక్కాను. గుండ్రం తిరిగింది. "పెండింగ్" అని పడింది.

మరునాడు పొద్దున కూడా పెండింగే. ఫోన్ ఆపి వేశాను. తేదీ, టైము సరిగ్గా ఉన్నాయో లేదో చూశాను. ప్లే స్టోర్ క్యాష్ క్లియర్ చేయమని ఎవరో అంటే చేశాను. ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి తీశాను. సిమ్ ఊడదీసి, చొక్కాకి తుడిచి పెట్టాను. పెండింగ్. ఫిల్మ్‌నగర్ గేటు దగ్గర సెక్యూరిటీ అతను నన్ను ఆపాడు. పదేళ్లుగా నాకు నమస్కారం పెట్టే మనిషి.

"యాప్ లేకుంటే పంపొద్దన్నరు సార్. నన్నేం జేయమంటరు?"

"నేనెవరో నీకు తెలియదా?"

"నాకు ఎర్కే సార్. మిషన్‌కు ఎర్క లేదు కదా."

మూడో రోజూ అదే. లోపల హీరోకి నా అసిస్టెంటు బట్టలు వేస్తున్నాడని, ఆ పూటే అతణ్ణి నా చోట రాసుకోబోతున్నారని తెలిసింది. మూడు రోజులు బయట నిలబడితే ఇరవయ్యారేళ్లు చెరిగిపోతాయా అనిపించింది. ఆటో ఎక్కి జూబ్లీహిల్స్‌లో వాళ్ల ఆఫీసుకి పోయాను.

అద్దాల ఇల్లు. బయట కార్లలో డ్రైవర్లు నిద్రపోతున్నారు. రెండు గంటలు కూర్చోబెట్టారు. నా తర్వాత వచ్చిన ముగ్గురు నాకంటే ముందు లోపలికి పోయారు. వాళ్లలో ఒకాయన కుక్కపిల్లతో వచ్చాడు. ఆ కుక్కపిల్లకి మంచినీళ్లు ఇచ్చారు, నాకివ్వలేదు. చివరికి హెల్ప్‌డెస్క్ అమ్మాయి పిలిచింది. పాతికేళ్లుంటాయి. మర్యాదగానే మాట్లాడింది, ఆ మాట దాచను.

"సార్, మీ స్టోరేజ్ ఫుల్ సార్. చూడండి, రెడ్‌లో ఉంది."

"మూడు జీబీ ఖాళీ ఉందమ్మా. మీ యాపు నలభై ఎంబీయేగా?"

"అలా కాదు సార్, ఫోన్‌కి కూడా ప్లేస్ కావాలి కదా. ఇన్ని ఫోటోలుంటే ఏ యాపూ దిగదు. డిలీట్ చేసేయండి."

"ఇవి కంటిన్యూటీ ఫోటోలమ్మా. తీసెయ్యకూడదు."

"ఏ మూవీవి సార్?"

చెప్పాను. ఆమె నవ్వింది. "అది షెల్వ్ అయిపోయింది కదా సార్, ఇక తియ్యరు!"

అప్పుడే ప్రొడక్షన్ మేనేజర్ అటుగా పోతున్నాడు. ఆమె అడిగింది. ఆయన ఆగలేదు, తల తిప్పలేదు, ఫోన్ చెవి నుంచి తియ్యలేదు. "ఆ సినిమానా? అది లేవదులే. తీసెయ్ తీసెయ్" అని మెట్లెక్కిపోయాడు.

తీసేశాను. నా వేలితోనే నొక్కాను, ఒప్పుకుంటాను. తొమ్మిది వేల చిల్లర ఫోటోలు. నొక్కాక కూడా ప్రాణం ఒప్పక, ట్రాష్‌లో ముప్ఫై రోజులుంటాయట కదా అని కొంచెం ధైర్యంగా ఉన్నాను.

"ట్రాష్‌లో ఉంటే ప్లేస్ రాదు సార్. అది కూడా ఎంప్టీ చేసేయండి."

"అవసరమా అమ్మా?"

"అవసరమే సార్. అందుకే రావట్లేదు."

అదీ చేశాను. ఫోన్ ఒక్క క్షణం ఆలోచించి ఖాళీ అయింది. మళ్లీ లింకు నొక్కాం. ఇద్దరం తలలు వంచి చూశాం. పెండింగ్.

ఆమె కూడా కంగారుపడింది. "ఇంటికెళ్లి ట్రై చేయండి సార్. ఒక్కోసారి టైమ్ పడుతుంది" అంది. ఇంకో మనిషిని పిలిచేసింది.

కొండ దిగి షేక్‌పేట వైపు నడుస్తూ వచ్చాను. ఫ్లైఓవర్ పక్కన చాయ్ కొట్టు దగ్గర మా మేకప్ ఆయన కనిపించాడు. బోరబండలో ఉంటాడు. నాతో ఎన్నో సినిమాలు చేసినవాడు.

"ఏందన్నా, మొఖం గట్ల పెట్టినవ్? వదిన కొట్టిందా?"

సంగతి చెప్పాను. నా ఫోన్ లాక్కున్నాడు. నాలుగు చోట్ల నొక్కాడు. అతని మొహంలో నవ్వు ఆగిపోయింది.

"అన్నా, జర గీడ చూడు. వైఫై ఉంటేనే దింపాలె అని పెట్టి ఉంది. నీ ఇంట్ల వైఫై ఉందా?"

"లేదు."

"మరెట్ల దిగుతది? సచ్చేదాకా గట్లనే ఉంటది."

 డేటా అయిపోతోందని నేనే ఎప్పుడో పెట్టుకున్నానో, ఇంకెవరు పెట్టారో తెలియదు. అతను తన ఫోన్లో హాట్‌స్పాట్ వేశాడు. "నా నెట్టు తీస్కో" అన్నాడు. నీలం గీత పాకింది. చాయ్ గ్లాసు నోటి దగ్గర పెట్టుకునే లోపల యాప్ దిగిపోయింది. నా పేరు, నా ఫోటో, పచ్చరంగు కోడ్, అన్నీ ఎదురుగా ఉన్నాయి.

"ఫోటోలెందుకు తీసేపిచ్చిర్రన్నా? జాగ లేక ఆగలేదు కదా ఇది" అన్నాడతను. నేను చాయ్ తాగలేదు. అప్పుడు గుర్తొచ్చింది, జూబ్లీహిల్స్ ఆఫీసులో నేను రెండు గంటలు కూర్చున్న సోఫా ఎదురుగా గోడ మీద వైఫై పాస్‌వర్డ్ అంటించి ఉంది. కింద "అతిథులకు మాత్రమే" అని రాసుంది. నేను పనివాణ్ణి కదా అని దాన్ని ముట్టుకోలేదు. వాడుకోమని ఎవరూ అనలేదు.

పోయిన ఫోటోల కోసం ఒక రిపేరు షాపులో అడిగాను. అతను ఫోన్ వైపు చూసి, నా వైపు చూసి, ఇక రావన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

రెండు వారాలు గడిచాయో లేదో, ఆగిపోయిన ఆ సినిమా అసోసియేట్ డైరెక్టర్ ఫోన్ చేశాడు. గొంతులో పండగ.

"బాబాయ్! మన సినిమా లేచింది! సోమవారం నుంచే. తలుపు సీన్ లోపలి భాగం ఫస్ట్ పెట్టారు. ఫోటోలు రెడీగా పెట్టుకో."

నేను మంచం మీద కూర్చుండిపోయాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఎవరు పోయారండీ?" అని అడిగింది.

ఆ సీన్లో హీరో బయట కొట్లాటలో దెబ్బలు తిని, తలుపు తోసుకుని ఇంట్లోకి వస్తాడు. ఒకే రకం తెల్ల చొక్కాలు నాలుగు చేసుకున్నాం. కొట్లాట ముదిరేకొద్దీ ఒక్కోటి ఎక్కువ చిరుగుతుంది. పెట్టె తెరిచాను. మొదటి రెండింటికీ కట్టిన చీటీలు ఉన్నాయి. మిగతా రెండింటి చీటీలు చెమ్మకి ఊడి అడుగున ముద్దగా పడి ఉన్నాయి. ఆ రెండూ ముందు వైపు ఒక్కలాగే ఉంటాయి. వెనక మాత్రం తేడా. ఒకదానికి మెడ నుంచి భుజం దాకా చిరుగు. ఇంకోదానికి ఆ చిరుగుతోపాటు నడుము దాకా బురద చార. తలుపు తోసినప్పుడు హీరో ఒంటి మీద ఉన్నది ఏది? ఎడిటింగ్ రూమ్ నుంచి పాత సీన్ తెప్పించి చూశాం. అందులో హీరో మొహమే తప్ప వీపు లేదు. ఇప్పుడు కెమెరా పెట్టింది వెనక.

అందరూ నా వైపే చూస్తున్నారు. డైరెక్టర్, కెమెరామన్, మేకప్ కుర్చీలో హీరో.

"బాబాయ్, ఏది?" అన్నాడు అసోసియేట్.

ఇరవయ్యారేళ్లలో ఆ ప్రశ్నకి నేను ఆలోచించి జవాబు చెప్పింది లేదు. జేబులోంచి ఫోన్ తీసి చూపించడమే. ఆ రోజు కూడా చెయ్యి జేబులోకి పోయింది. కళ్లు మూసుకుని ఆ ఊరు, ఆ ఎండ, ఆ గుమ్మం గుర్తుచేసుకున్నాను. బురద లేదనిపించింది. చిరుగు మాత్రమే ఉన్న మూడోది ఇచ్చాను. రెండు రోజులు తీశారు. బాగా వచ్చిందన్నారు. మూడో రోజు సెట్ పీకేశారు.

నాలుగో రోజు ఎడిటర్ పిలిపించాడు. పాత రషెస్‌లో, అంటే కత్తిరించని ఫుటేజీలో, ఎవరూ వాడని ఒక ముక్కలో, కిటికీ అద్దంలో హీరో వీపు కనిపించింది. నడుము దాకా బురద. ఎడిటర్ దాన్ని ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ ఆపాడు. నేను చూశాను.  బయట బురదతో ఉన్న మనిషి, గుమ్మం దాటగానే శుభ్రంగా ఉన్నాడు. దాన్ని అలా చేసింది నేను.

నేను తప్పు చేశాను, నాకు తెలుసు. దానికి నన్ను తిట్టి ఉంటే పడేవాణ్ణి. తిట్టలేదు. యాప్‌లో ఒక నోటీసు వచ్చింది. నేను మూడు రోజులు గేటు బయట నిలబడి వేయించుకున్న ఆ యాప్‌లోనే. "కాస్ట్యూమ్ విభాగం వ్యక్తిగత నిర్లక్ష్యం వల్ల కంటిన్యూటీ రికార్డు పోయినందున, మిగతా షెడ్యూల్‌కి వేరొకరిని నియమించడమైనది."

వ్యక్తిగత నిర్లక్ష్యం. ఆ రెండు మాటలు ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. మేనేజర్‌కి ఫోన్ చేశాను. "నేనెప్పుడన్నాను తీసెయ్‌మని? మీ ఫోన్లో ఏముందో నాకేం తెలుసు?" అని పెట్టేశాడు. హెల్ప్‌డెస్క్ అమ్మాయి ఉద్యోగం మానేసిందన్నారు. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమెకి ఎవరూ నేర్పలేదు. ఆ నోటీసు యూనిట్లో నూట ముప్ఫై మంది ఫోన్లలో ఉంది. నా అసిస్టెంటు ఫోన్లో ఉంది. రేపు నన్ను పిలవాలనుకున్న ప్రతివాడూ ముందు దాన్నే వింటాడు.

అందుకే పేర్లు లేకుండా, ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను. మీరెవరో మీకు తెలుసు. బ్యాకప్ ఆపించింది మీరు. ఆ సినిమా లేవదన్నది మీరు. ట్రాష్ ఖాళీ చేయించింది మీ ఆఫీసు. ఇవి మూడూ నిజమా, కాదా? నాకు డబ్బు వద్దు, పని కూడా ఇప్పుడు వద్దు. ఆ నోటీసు పెట్టిన చోటే, ఆ నూట ముప్ఫై మందీ చూసేలా, అవునో కాదో ఒక్క మాట రాయండి. నీలం టిక్కు పెట్టి ఊరుకోవడం జవాబు కాదు. జవాబు రాయండి.