దిగుడులో ఆగని బండి

కృష్ణవేణి పుట్టింది పుంగనూరులో, సైకిళ్లు బాగుచేసే వాళ్లింట్లో. మెట్టింది రామకుప్పం దగ్గర అడవి అంచునున్న పల్లెలో. భర్త భరత్ కుప్పం వైపు గ్రానైట్ క్వారీలో పనిచేస్తాడు. ముప్ఫై ఆరేళ్ల కృష్ణవేణి మూడు పల్లెల పాలు క్యాన్లలో నింపి, మోటారుసైకిల్ మీద పాలకేంద్రానికి చేరుస్తుంది. ఆరేళ్లలో ఒక్క పూట కూడా తప్పింది లేదు.

ఆ రోజు పొద్దున బండికి చెరోవైపు క్యాను కట్టుకుని వంక దగ్గరి దిగుడులో వస్తోంది. మలుపు తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా ఒంటరి ఏనుగు. ఎవరి రాగిచేనో మేసి అడవికి తిరిగి పోతున్నట్టుంది. కృష్ణవేణి వెనక బ్రేకు తొక్కింది. పెడలు అడుగుదాకా పోయింది గానీ బండి నిలవలేదు. చక్రం లోపల ఇనుముకి ఇనుము రాసుకున్నట్టు కీచుమంది. ఆ చప్పుడుకి ఏనుగు చెవులు విప్పి తల తిప్పింది.

రోడ్డు మీద ఇసుక. ముందు బ్రేకు గట్టిగా పడితే బండి జారిపోతుంది. గేర్లు ఒక్కొక్కటే దించి, చక్రాన్ని పక్కనున్న మట్టిగట్టుకు రాసుకునేలా పోనిచ్చింది. బండి నిలిచేసరికి ఏనుగుకూ ఆమెకూ మధ్య పది బారలు కూడా లేవు. ఇంజను ఆపేసి రాయిలా నిలబడింది. ఒక క్యాను మూత ఊడి పాలు కాలిమీద కారుతున్నా వంగి మూత పెట్టలేదు. ఏనుగు తొండంతో మట్టి ఎగజిమ్మింది. రెండడుగులు ముందుకు వేసి ఆగింది. ఎంతసేపు అలా నిలబడ్డారో ఆమెకు తెలియదు. చివరికి అది వెనక్కి తిరిగి చెట్లలోకి వెళ్లిపోయింది.

మిగిలిన పాలు వెనకొచ్చిన ఆటోలో పంపించి, ఒకటో గేరులోనే ఇల్లు చేరింది. మామ నారాయణస్వామి విషయం విన్నాడు. ఆయనకు తోచిన మాట చెప్పాడు.

"ఆ బ్రేకు నట్టు రెండు సుట్లు బిగియ్యమ్మా. సాయంత్రం పాలకి పోవాల గదా."

"మూడు నెల్ల నుంచి అదే బిగిస్తాండాను మామా. ఇంక బిగించేదానికి మర ల్యాదు. ఇప్పి సూడాల్సిందే."

బండికి సెంటర్ స్టాండు వేసి, బ్రేకు రాడ్డు తప్పించి, వెనక చక్రం ఊడదీసింది. చిన్నప్పుడు నాన్న దగ్గర స్పానర్ పట్టిన చేతులే అవి. చక్రం మధ్యనున్న బ్రేకు డ్రమ్ములోని నల్లటి దుమ్మును ఊదకుండా తడిగుడ్డతో తుడిచింది. ఒక బ్రేకు షూ మీద, డ్రమ్ముకు ఒరుసుకుని చక్రాన్ని ఆపే లైనరు కాగితమంత మందం మిగిలింది. రెండోదాని మీద అది కూడా లేదు, ఉత్త లోహం మెరుస్తోంది. డ్రమ్ము గోడ నిండా గీతలు.

అప్పుడు ఇంకొకటి కంటబడింది. లైనరు ఎంత అరిగిందో చూపించే బాణం గుర్తు బయట, బ్రేకు బిగించే చిన్న ఆర్ము మీద ఉంటుంది. ఆ ఆర్మును ఎవరో ఊడదీసి, అది కూర్చునే ఇరుసు పళ్లలో ఒక పల్లు జరిపి మళ్లీ తగిలించారు. అందుకే పెడలు బాగున్నట్టు అనిపించింది, అరుగుదల కనబడలేదు. ఆమె భర్తకు ఫోన్ చేసింది.

"బ్రేకు ఆర్ము ఊడదీసింది నువ్వేనా?"

అటునుంచి క్వారీ మోత మధ్య భరత్ గొంతు వినబడింది. "నేనే. పోయిన నెల. పెడలు దిగిపోతాందంటివి గదా. ఒక పల్లు జరిపితే పట్టింది."

"పట్టింది లైనరు కాదప్పా, ఉత్త ఇనుము. పొద్దున ఏనుగు ముందర బండి నిలవల్యా."

"ఏనుగా? యాడ? నీకేం కాల్యా గదా? ఉండు, నేనొస్తాండా."

మధ్యాహ్నం రెండున్నరకి భరత్ వచ్చాడు, కుప్పంలో కొన్న కొత్త షూలు, స్ప్రింగులు పట్టుకుని. ఆమె పంపిన డ్రమ్ము ఫొటో అక్కడి మెకానిక్కుకి చూపించాడట. గీతలు లోతు లేవు, గరుకు ఉప్పు కాగితంతో రుద్ది సాపు చేసుకోండి, వచ్చేసారికి మాత్రం మార్చాల్సిందే అన్నాడట ఆయన. కృష్ణవేణి డ్రమ్ము రుద్దుతుంటే, భరత్ షూలు ఎక్కించి, ఆర్ము బిగించేశాడు. ఇంతలో పక్కపల్లె చెంగమ్మ ఫోన్ చేసింది.

"పాలు పిండేసినాం. ఎప్పుడొస్తావు? ఎండకి ఇరిగిపోతాయమ్మా!"

చక్రం తగిలించి చేత్తో తిప్పారు. అర చుట్టు తిరిగి బిగుసుకుపోయింది.

"తోలుతా ఉంటే అదే సర్దుకుంటాది. టైము ల్యాదు, పో," అన్నాడు భరత్.

"టైము ల్యాకపోతే పాలు పోతాయి. బ్రేకు ల్యాకపోతే నేను పోతాను. ఏది కావాల నీకు?"

అతను చక్రం దగ్గర్నుంచి పక్కకు జరిగాడు. ఆమె వంగి చూసింది. ఆర్ము ఇంకా ఆ జరిపిన పల్లు మీదే ఉంది. అరిగిన లైనర్లకి సరిపెట్టింది, మందంగా ఉన్న కొత్త లైనర్లకి ఎట్లా సరిపోతుంది? ఆర్ము ఊడదీసి, గుర్తుకు గుర్తు కలిపి మళ్లీ బిగించింది. ఈసారి చక్రం తేలిగ్గా తిరిగింది. పెడలు నొక్కితే టక్కున నిలిచింది.

చెంగమ్మకు ఆమే ఫోన్ చేసింది. "ఈ పూట నేను రాలేనమ్మా. తోడేసుకోండి." అటునుంచి వచ్చిన తిట్లన్నీ విని ఫోన్ పెట్టేసింది.

ఇంటి ముందరి వాలులో ఖాళీ బండితో ఐదుసార్లు దిగి చూసింది. తర్వాత క్యాన్లలో నీళ్లు నింపించింది. ఆ బరువుతో దిగుతుంటే భరత్ పక్కనే పరుగెత్తాడు, పట్టుకోవడానికన్నట్టు రెండు చేతులూ చాపి. నారాయణస్వామి గడపలోంచి లేచి నిలబడ్డాడు. కృష్ణవేణి పెడలు నొక్కింది. నీళ్లు ఒక్కసారి ముందుకు ఊగాయి. బండి నిలిచింది.

దిగి గట్టుమీద కూర్చున్నాక గానీ, పొద్దుటినుంచి ఏమీ తినలేదని ఆమెకు గుర్తురాలేదు. మామ రాగిసంగటి తెచ్చి చేతికిచ్చాడు. భరత్ కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటూ అన్నాడు:

"ఇంగ ఈ బండిమీద సెయ్యేస్తే నీకు సెప్పే ఏస్తాలే."

"సెప్పడం కాదు. నెలనెలా నాతో కూసోని సూడాల."

"కూసుంటా," అన్నాడు అతను, ఆమె వైపు చూడలేక.