ఖాళీ మేకు

మా మావయ్యగారు పోయారని అత్తయ్య ఫోన్ చేసినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆ భయమేమిటో తెలియాలంటే ఆయన గురించి చెప్పాలి.

ఆయన పుట్టి పెరిగిందీ, పనిచేసిందీ కర్ణాటక వైపు ఓ బంగారు గనుల ఊళ్ళో. గని మూతపడి ఊరు ఖాళీ అయ్యాక, అత్తయ్య పుట్టిల్లయిన ఐ.పోలవరం వచ్చి స్థిరపడ్డారు. కొబ్బరిచెట్ల మధ్య ఉంటూనే ఎప్పుడూ భూమి కింద తిరుగుతుండేవారు.

గనిలో ఓ పద్ధతి ఉండేదట. కార్మికుడు బోర్డు మీద మేకుకి తగిలించిన తన నంబరు ఇత్తడి బిళ్ళ తీసుకుని లోపలికి దిగాలి, పైకొచ్చాక మళ్ళీ తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని వెతకడానికి దిగుతారు. మావయ్యగారు ఇంట్లో తలుపు పక్కన అలాంటి బోర్డే పెట్టారు. కూరగాయలకి వెళ్ళినా బిళ్ళ పట్టుకెళ్ళాల్సిందే. చుట్టపుచూపుగా వచ్చే నాకూ ఒకటి ఇచ్చారు. ఓసారి బిళ్ళతో బజారుకని వెళ్ళి అటునుంచటే అమలాపురం బస్సెక్కేశాను. సాయంత్రంలోగా మూడు ఫోన్లు. క్షేమంగా ఇల్లు చేరానని మొత్తుకున్నాను.

"నాకు తెలుసమ్మా. బోర్డుకి తెలీదు కదా" అన్నారు.

మర్నాడు బిళ్ళ తగిలించడానికి మళ్ళీ వెళ్ళక తప్పలేదు.

ఆ గనుల ఊళ్ళో ఇళ్ళు పడగొట్టేలోగా ఏ ఇంట్లో ఎవరుండేవారో రాసి, మూతపడ్డ బడిలోని ఒక గదిలో భద్రపరచాలని పాత కార్మికులు కొందరు పూనుకున్నారు. మావయ్యగారి వీధి పటం ఆయనే చెప్పాలి. ఆయన చెబుతుంటే ఇంటికో గడి చొప్పున నేను గీసేదాన్ని. అన్ని గడులూ నిండాయి, చివరి ఇల్లు తప్ప. ఆ ఇంటాయన ముఖం గుర్తుంది, దగ్గు గుర్తుంది, పేరు రావడం లేదు. వారాలు గడుస్తున్నాయి, మావయ్యగారి ఆయాసం పెరుగుతోంది. ఏదో ఒక పేరు రాసేద్దామన్నాను కంగారుగా.

ఆయన కోప్పడలేదు. ఓ సంగతి చెప్పారు. వయసులో ఉండగా ఓ స్నేహితుడు, వెనకే వస్తున్నాను నాదీ తగిలించెయ్యమని గనిలో బిళ్ళ ఈయన చేతిలో పెట్టాడట. ఈయన తగిలించారు. బోర్డు నిండుగా ఉందని ఎవరూ కిందికి దిగలేదు. అతను పైకి రాలేదు.

"నేను తగిలించకపోతే వెతికుందురమ్మా. ఖాళీగా ఉంటేనే వెతుకుతారు. ఆ ఇల్లు అలా వదిలెయ్" అన్నారు.

ఆయ్, అలాగేనండి అన్నాను. అని, ఇంటికొచ్చి, నాకు తోచిన పేరొకటి ఆ గడిలో రాసి పంపేశాను. సగం పటమని పక్కన పడేస్తారేమోనని నా బెంగ. పంపేశానని చెబితే ఆయన తృప్తిగా నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆసుపత్రికి తీసుకెళ్ళే హడావుడిలో కూడా గుమ్మం దగ్గర ఆగి, తన బిళ్ళ తీసి జేబులో వేసుకున్నారట. ఆయన్ని ఇంటికి తెచ్చాక అత్తయ్య ఆ బిళ్ళ బయటికి తీసింది. తగిలించెయ్యండి అన్నారెవరో.

"ఆయన రాలేదు కదండీ" అని కొంగున ముడేసుకుంది.

ఆయనా పోయాక ఆ దొంగపేరే ఎప్పటికీ నిలిచిపోతుందన్నదే నా భయం. నేను పెరట్లోకి వెళ్ళి ఆ గనుల ఊరికి ఫోన్ చేశాను. చివరి ఇంటి పేరు నేను కల్పించిందని చెప్పాను. పటం అప్పటికే గోడకెక్కిందట. పేరు మీద కాగితం అంటించి ఫోటో పంపుతానన్నారు ఫోనెత్తిన పెద్దాయన. పది రోజులు ఆ ఫోటో రాలేదు. ఆలోగా ఎంతమంది ఆ పేరు చూసి నిజమనుకున్నారో అని నాకు అన్నం సయించలేదు.

నిన్న వచ్చింది. చివరి గడి మీద తెల్లకాగితం ఉంది. దాని ముందు ఇద్దరు ముసలివాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకాయన ఆ ఖాళీ మీద వేలు పెట్టి, రెండో ఆయన్ని ఏదో అడుగుతున్నాడు.