పటిక కలపని తొట్టి

మొన్న గుడివాడలో మా అమ్మాయి ఇంట్లో కుళాయి నీళ్ళు బురదబురదగా వస్తున్నాయని అల్లుడు బజారు నుంచి పటిక ముక్క తెచ్చిపెడితే, దాన్ని బిందెలో తిప్పబోతూ ఏ ధ్యాసలో ఉన్నానో ఏమో, నాలిక చివరికి తాకించుకున్నాను. ఆ వగరుకి మూతి బిగుసుకుపోయింది. అమ్మాయి చూసి, ఇదేం చిన్నపిల్లల పనమ్మా అంటూ ఒకటే నవ్వు. నవ్వనీ పాపం, దానికేం తెలుసు! నేను మాత్రం బిందె అక్కడే వదిలేసి వెళ్ళి బాల్కనీలో కూర్చున్నాను. మా అన్నయ్య గుర్తొచ్చాడు.

మాది పెడన. నేను పుట్టిందీ మెట్టిందీ అక్కడే, రెండు వీధుల తేడా. పెళ్ళయ్యాక కూడా రోజూ పుట్టింటి షెడ్డుకి వెళ్ళి అన్నయ్య పక్క బల్ల మీద కలంకారీ అచ్చులు కొట్టేదాన్ని. అటువైపు పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, గుడ్డ మీద ఎరుపు రావలసినచోట మేం ఎర్రరంగు కొట్టం. పటిక నీళ్ళలో తుమ్మజిగురు కలిపి, అచ్చు ఎక్కడ పడిందో కంటికి ఆనడానికి చిటికెడు రంగు వేసి, దాన్నే కొడతాం. కాలవలో జాడిస్తే ఆ పైరంగు పోతుంది, పటిక మాత్రం గుడ్డని పట్టుకునే ఉంటుంది, ఆ తరవాత రంగునీళ్ళలో ఉడకబెట్టినప్పుడు పటిక పడ్డచోటే ఎరుపు తేలుతుంది. అచ్చు ముంచే తొట్టిలో పటిక లేకపోతే ఎంత అందంగా కొట్టినా ఉత్తిదే. అందుకని అన్నయ్య పొద్దున్నే బల్ల దగ్గరికి రాగానే తొట్టిలో వేలు ముంచి నాలికకి రాసుకుని, మొహం వికారంగా పెట్టి మమ్మల్ని నవ్వించి గానీ అచ్చు చేత పట్టేవాడు కాదు.

అలాంటి మనిషి బందరు నుంచి మోపెడ్ మీద వస్తూ కల్వర్టు దగ్గర పడ్డాడు. తలలో నెత్తురు గడ్డకట్టిందన్నారు, ఆపరేషన్ చేశారు, మొత్తానికి మనిషి దక్కాడు. ఏం దక్కడమో, ఏం చెప్పమంటారు! అన్నం తిని చెయ్యి కడుక్కున్న అరగంటకే నాకు అన్నం పెట్టరా అని కేకలేసేవాడు. అమ్మని జీవితంలో పల్లెత్తు మాట అననివాడు కంచం విసిరికొట్టేవాడు, అమ్మ వంటింటి వెనక్కి వెళ్ళి ఏడ్చుకునేది. మా వదిన ఒక్క ఏడాదిలో పదేళ్ళు పైబడ్డదానిలా అయిపోయింది. డాక్టరుగారు మాత్రం, చేతికి తెలిసిన పని చేయించండి, పాత అలవాట్లు ఒక్కొక్కటే తిరిగి రావచ్చు, ఓపిక పట్టండి అన్నారు.

సరేనని బల్ల దగ్గర నిలబెట్టాం. ఒక వరస పైకి పోయేది, రెండో వరస దాని మీదికే ఎక్కేది, పువ్వుకీ పువ్వుకీ అతుకు కలిసేది కాదు. బందరు షావుకారు రెండుసార్లు సరుకు తిప్పి పంపాడు. పోనీ మానుకో అన్నయ్యా అంటే అచ్చు తీసి విసిరేవాడు. అప్పుడు వచ్చింది మహా గొప్ప ఉపాయం, వచ్చింది నాకే. ఇన్నేళ్ళూ వదిన మీదికో అమ్మ మీదికో తోసేద్దామని చూశాను గానీ, ఆ తెలివి నాదే. అన్నయ్య తొట్టిలో పటిక మానేసి ఉత్త జిగురునీళ్ళూ పైరంగూ పోశాం. ఆయన రోజంతా కొట్టేవాడు, సాయంత్రం నేను కాలవలో జాడిస్తే అంతా పోయేది, మర్నాడు అదే గుడ్డ మళ్ళీ బల్ల మీద పరిచేవాళ్ళం. ఎంత బాగా వచ్చిందో అన్నయ్యా అని సిగ్గులేకుండా మెచ్చుకునేవాళ్ళం కూడా. ఉడికిందా అని అడిగితే, ఉడికింది, బందరు వెళ్ళిపోయింది అనేవాళ్ళం. కేకలు తగ్గాయి, కంటినిండా నిద్రపోయేవాడు, మా తెలివికి మేమే మురిసిపోయాం.

కొన్ని నెలలు పోయాక ఒక సాయంత్రం కాలవ గట్టున గుడ్డ పరిచి చూద్దును కదా, అతుకులు కలిశాయి! ఆ చివర ఒక్కటి జారిందంతే. పరిగెత్తుకెళ్ళి వదినకి చెబితే ఆవిడ మొహం వెలిగి, అంతలోనే భయపడింది. ఇంకొక్క వారం చూద్దామమ్మా, ఈసారి చెడితే మీ అన్నయ్య తట్టుకోలేరు అంది. నాకూ నిజమేననిపించింది. ఆ తరవాత రోజూ అన్నయ్య వంక పెట్టడానికి లేకుండా కొట్టిన పువ్వుల్ని నేనే, ఈ చేతులతోనే, నీళ్ళలో కలిపేశాను.

వారం ఇంకా నిండనేలేదు. ఆ పొద్దున అన్నయ్య బల్ల దగ్గరికి వచ్చి, తొట్టిలో వేలు ముంచి నాలికకి రాసుకున్నాడు. దెబ్బ తగిలాక అదే మొదటిసారి. గుమ్మంలో చిక్కుళ్ళు వలుస్తున్న అమ్మ అది చూసి, అలవాటు తిరిగొచ్చింది నాయనా అంటూ సంబరంగా లేచి నిలబడింది. అన్నయ్య మళ్ళీ వేలు ముంచాడు.

"పటిక లేదు చెల్లెమ్మా ఇందులో."

మర్చిపోయానన్నయ్యా, ఇప్పుడే కలుపుతాను అన్నాను. నమ్మేవాడేనేమో, కానీ వదిన ఆపుకోలేక భోరుమంది. ఆవిడ వంక చూశాడు, నా వంక చూశాడు, ఉతికి ఉతికి మెత్తబడిపోయిన ఆ గుడ్డని రెండు వేళ్ళతో నలిపి చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

అన్నయ్య ఆ రోజు అచ్చు ముట్టుకోలేదు, చెయ్యి తుడుచుకుని, వెళ్ళి అరుగు మీద పడుకున్నాడు.

చెప్పుకోవడానికే సిగ్గు, తెల్లారేసరికి మరిచిపోతాడులే అనుకున్నాం. అన్నయ్య మతిమరుపు చూసి అన్నాళ్ళూ ఏడ్చినవాళ్ళం, ఆ రోజు మాత్రం మరిచిపోవాలని దేవుడికి దణ్ణాలు పెట్టుకున్నాం. మర్నాడు పటిక చిక్కగా కలిపి, కొత్త గుడ్డ పరిచి పిలిచాను. మీరు కొట్టుకోండమ్మా అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఎన్నిసార్లు పిలిచినా అదే మాట.

ఇప్పుడు నయమండీ. తలకి దెబ్బ తగిలినవాళ్ళతో ఎలా మసలుకోవాలో ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి నేర్పే అమ్మాయిలు బందరులోనే ఉన్నారట, ఇంట్లో ఎవరికైనా అలా అయితే ఫోనులో అడిగినా చెబుతారట. విన్నప్పుడల్లా సంతోషం వేస్తుంది. మాకు చెప్పేవాళ్ళు లేరని సరిపెట్టుకుందామంటే, కళ్ళారా చూసి కూడా వారం ఆగినదాన్ని నేనే కదా.

అన్నయ్య ఆ తరవాత తొమ్మిదేళ్ళు బతికాడు. మధ్యలో అమ్మ పోయింది. అమ్మేదీ అని రోజూ అడిగేవాడు, పోయిందన్నయ్యా అంటే ఏడ్చేవాడు, మధ్యాహ్నానికి అది మరిచిపోయి మళ్ళీ అడిగేవాడు. ఆ షెడ్డు గడప మాత్రం, మరిచిపోయి కూడా, ఒక్కసారీ తొక్కలేదు.