చెవిమేస్త్రి

చెవిమేస్త్రి కుడి చెవికి ఎప్పుడూ సున్నం అంటుకునే ఉంటుంది. ఏ గోడనైనా తాపీ పిడితో తట్టి, కళ్లు మూసుకుని, చెవి ఆనించి వింటాడు. అంతవరకూ నోరు విప్పడు. తరానికో గది చొప్పున మూడొందల ఏళ్లు పెరిగిన ఒక రైతు కుటుంబం ఇంట్లో, వంటగది గోడకు నిలువునా చీలిక కనబడింది. ఇల్లు కూలుతుందేమోనని అత్తాకోడళ్లు వారం నుంచి పెరట్లోనే వండుతున్నారు. మేస్త్రి చీలికకు అటూ ఇటూ తట్టి విని, నవ్వాడు.

"పగులు కాదమ్మా. ఇటు రాతిగోడ, అటు తర్వాత కట్టిన మట్టిగోడ. పైపూత రాలి మధ్య సందు బయటపడిందంతే."

"అయితే విడిపోలేదా?" అంది అత్తగారు.

"అసలు కలిపి కడితే కదా విడిపోడానికి. దేని బరువు అది మోస్తూ పక్కపక్కనే నిలబడ్డాయి."

అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ముందు కోడలికి నవ్వొచ్చింది. పెరట్లో పొయ్యి మీది వేడి గిన్నెను చెరోపక్కా పట్టుకుని ఇద్దరూ వంటగదిలోకి నడిచారు.